మూలకణాల గురించి ఊళ్ళో జనానికి గంటలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇది. గ్రంథాలయ వారోత్సవాల్లో మీ మండల కేంద్రం లైబ్రరీలో మూలకణాల మీద గంటసేపు మాట్లాడమన్నారు. వచ్చేది నలభై, యాభై మంది: రైతులు, ఆశా కార్యకర్తలు, ఇంటర్ పిల్లలు, కడుపుతో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఆటిజం ఉన్న బాబును వెంటబెట్టుకుని ఓ తల్లీ తండ్రీ. మీరు జువాలజీ చెప్తారు కాబట్టి విషయం తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ప్రశ్నలు వస్తాయో, ఎక్కడ తడబడతారో చెప్పమన్నారు.

ముందుగా, పాఠ్యపుస్తకం వరసలో వెళ్ళకండి. ముఖ్యంగా "శరీరంలో ఏ భాగాన్నయినా తయారుచేయగల కణాలు" అన్న వాక్యంతో మొదలుపెట్టకండి. విన్నవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళేది ఆ ఒక్క వాక్యమే. రేపు పక్షవాతానికి ఇంజెక్షన్ అమ్మడానికి వచ్చేవాడు కూడా సరిగ్గా ఆ వాక్యంతోనే మొదలుపెడతాడు. అప్పటికి మీరు అతనికి దారి చదును చేసి పెట్టినవారవుతారు. జనం మనసులో నాటాల్సిన మాట వేరే ఉంది. మన ఒంట్లో ఉన్న ప్రతి మూలకణానికీ ఒక సొంత చోటు, తెలిసిన ఒక పని ఉంటాయి. కంటి అంచున ఉన్నది కంటి పొరనే వేస్తుంది. మూలుగలో ఉన్నది రక్తాన్నే తయారుచేస్తుంది. దాన్ని తీసుకెళ్ళి వెన్నులోనో మెదడులోనో వేస్తే అక్కడి పని దానంతట అది నేర్చుకోదు. గంటలో ఈ ఒక్క ముక్క అర్థమైనా మీ ప్రయత్నం ఫలించినట్టే.

మూలకణం అంటే ఏమిటో చెప్పడానికి రైతులున్న సభలో విత్తనాల వడ్లను మించిన పోలిక లేదు. పండిన పంటలో కొంత తినడానికి పోతుంది, కొంత వచ్చే ఏటికి విత్తనంగా గాదెలో ఉంటుంది. మూలకణం విభజన చెందినప్పుడు జరిగేదీ అదే: కొన్ని పిల్ల కణాలు పనిలోకి దిగి కొన్నాళ్ళకు చనిపోతాయి, కొన్ని మళ్ళీ మూలకణాలుగానే మిగిలి విత్తనం తరగకుండా చూస్తాయి. ఈ రెండు గుణాలూ ఉంటేనే అది మూలకణం. పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా వెంటనే చెప్పండి. వడ్లగింజ ఏ పొలంలో చల్లినా వరే మొలుస్తుంది. మూలకణానికి మాత్రం తన చోటు, చుట్టూ ఉన్న కణాలు పంపే సంకేతాలు కావాలి. అవి లేకపోతే చనిపోతుంది, లేదా చేయకూడని పని చేస్తుంది. పోలిక హద్దు చెప్పకపోతే ఆ హద్దు దాటిన చోటే జనం తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఇక అసలు పాఠం కన్ను. గంటలో ఇరవై నిమిషాలు దీనికే ఇవ్వండి. ఇందులో ప్రతిదీ కంటికి కనిపిస్తుంది, పని చేసిందని రుజువైంది, పైగా జరిగింది మన హైదరాబాద్‌లో.

పక్కనున్నవాళ్ళ కళ్ళలోకి చూసుకోమనండి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట ఒక సన్నని అంచు కనిపిస్తుంది. దాని పేరు లింబస్. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటాం. రెప్ప కొట్టినప్పుడల్లా, దుమ్ము పడినప్పుడల్లా దాని పైకణాలు అరిగి రాలిపోతుంటాయి. వాటి స్థానంలోకి కొత్త కణాలు ఆ అంచు నుంచే పుట్టి మధ్యకు జరుగుతూ వస్తాయి. నల్లగుడ్డు పొలమైతే ఆ అంచు దాని చుట్టూ ఉన్న నారుమడి అని చెప్పండి, రైతులు ఇట్టే పట్టుకుంటారు.

ఇప్పుడు సున్నం సంగతి. తాంబూలంలోకో, పొగాకులోకో వాడే సున్నం ప్లాస్టిక్ ప్యాకెట్‌లోనో, ట్యూబ్‌లోనో ఇంట్లో పడి ఉంటుంది. పిల్లలు దాన్ని నొక్కుతూ ఆడతారు, అది ఫట్‌మని పగిలి కంట్లోకి చిమ్ముతుంది. సున్నం క్షారం. ఆమ్లం తగిలిన చోట మాంసకృత్తులు గడ్డకట్టి చాలావరకు అదే అడ్డుగోడ అవుతుంది. క్షారం అలా ఆగదు, పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. నారుమడి మొత్తం కాలిపోతే నల్లగుడ్డుకు కొత్త కణాలు రావు. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర తన రక్తనాళాలతో సహా కలుపులా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. చూపు మసకబారుతుంది, కన్ను ఎప్పుడూ ఎర్రగా ఉండి నీళ్ళు కారుతుంది. ఊళ్ళో కంట్లో పువ్వు పడిందంటారు. అన్ని పువ్వులకూ కారణం ఇదే కాదు, ఇది మాత్రం ఒక కారణం.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "చనిపోయినవాళ్ళ కన్ను పెడితే సరిపోదా సార్?" ఇది చాలా మంచి ప్రశ్న, తొందరపడి దాటేయకండి. నేత్రదానంలో వచ్చిన కార్నియాను ఇలాంటి కంట్లో కుడితే మొదట్లో తేటగా కనిపిస్తుంది. దాని మీది కణాలు అరిగిపోయాక వాటి స్థానంలోకి రావడానికి నారుమడి లేదు కాబట్టి మళ్ళీ అదే కలుపు పాకుతుంది. పొలం మార్చారు, నారు లేదు. కాబట్టి ముందు మూలకణాలు పెట్టాలి, అవసరమైతే కార్నియా తర్వాత.

ఆ మూలకణాలు ఎలా పెడతారో చూపించడానికి ఒక గ్రాఫ్ కాగితం, ఒక కత్తెర తీసుకెళ్ళండి. గ్రాఫ్ కాగితంలో చిన్న గడి ఒక మిల్లీమీటరు. నాలుగు చిన్న గడుల చతురస్రం, అంటే 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ముక్క కత్తిరించి వేలి కొసన పెట్టుకుని వరసల మధ్య తిరగండి. ఆవగింజంత ఉంటుంది. రెండో కన్ను బాగున్న మనిషికి, ఆ మంచి కంటి అంచు నుంచి తీసేది ఇంతే. దాన్ని మళ్ళీ ఎనిమిది, పది ముక్కలు చేస్తారు. దెబ్బతిన్న నల్లగుడ్డు మీద పాకిన పొరను ఒలిచి, కాన్పుల్లో దానంగా సేకరించి శుద్ధి చేసిన ఉమ్మనీటి సంచి పొరను దాని మీద పరిచి, ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. ఆ పొర మీద ముక్కల్ని, చూపుకు దారి అయిన నడిమి భాగం వదిలి, చుట్టూ దూరం దూరంగా పెట్టి, మళ్ళీ అదే జిగురుతో నిలబెడతారు. పైన రక్షణకు మెత్తటి కాంటాక్ట్ లెన్స్ వేస్తారు. ఒక్కో ముక్క నుంచి కణాలు నారు కుదురు పిలకలు వేసినట్టు పక్కకు పాకి, కొద్ది వారాల్లో ఒకదానితో ఒకటి కలుస్తాయి.

ఈ పద్ధతిని 2012లో ప్రపంచానికి వివరించింది హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పనిచేసిన డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం. దానికి ముందు ఆ ముక్కను ప్రయోగశాలలో సుమారు రెండు వారాలు పెంచి, పొరగా మారాక కంటికి అతికించేవారు. దానికి ప్రత్యేక శుభ్రమైన గది, పెంచే ద్రావణాలు, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. కొత్త పద్ధతిలో కన్నే ప్రయోగశాల, ఒకే ఆపరేషన్‌తో పని అయిపోతుంది. యూరప్‌లో 2015లో అనుమతి పొందిన మొదటి మూలకణ మందు కూడా ఈ కంటి జబ్బుకే. అది ప్రయోగశాలలో పెంచే రకం. మన వాళ్ళు అదే జబ్బుకు మామూలు ఆపరేషన్ థియేటర్‌లో అయిపోయే దారి కనిపెట్టారు. ఈ మాట గర్వంగానే చెప్పండి, అందులో తప్పులేదు.

గర్వం వెంటనే లెక్క కూడా చెప్పాలి. ఒక్క కన్నే కాలిన 125 మందికి ఈ ఆపరేషన్ చేసి, ఆ తర్వాత ఎలా ఉన్నారో గమనించి 2016లో ప్రచురించారు. 95 మందిలో నల్లగుడ్డు పొర నిలబడింది. అంటే నూటికి 76. బల్ల మీద 125 శనగలు పోసి, ముప్పై పక్కకు తీసిపెట్టండి. "పని చేసిన వైద్యం కూడా ఇంతే ఉంటుంది. ఈ ముప్పై మందికి నిలబడలేదు. మా వైద్యం నూటికి నూరు అని ఎవరైనా అంటే, వాళ్ళు ఈ ముప్పై శనగల్ని ఎక్కడ దాచారో అడగండి" అనండి. ఆ ముప్పై ఎందుకు విఫలమయ్యాయో కూడా అదే అధ్యయనం చూసింది. రెప్ప కనుగుడ్డుకు బాగా అంటుకుపోయిన కళ్ళలో, ఆమ్లంతో కాలిన కళ్ళలో, మూలకణాలతోపాటే కార్నియా మార్పిడి కూడా చేసిన కళ్ళలో ఎక్కువగా దెబ్బతింది. రెండు కళ్ళూ కాలినవాళ్ళకు సొంత కణాలు దొరకవు. బంధువుల నుంచో, దానం చేసిన కళ్ళ నుంచో తేవాలి. అప్పుడు శరీరం వాటిని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాలి.

మూలుగ దగ్గరికి వచ్చేసరికి పని తేలిక, ఆ మాట వంటింట్లోనే ఉంది. నల్లిబొక్కలో ఏముంటుందో అందరికీ తెలుసు. మన ఎముకల్లో ఉన్న ఆ మూలుగ సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణాల్ని తయారుచేస్తుందని చెప్తే సభ నిశ్శబ్దమైపోతుంది. 1961లో టొరంటోలో టిల్, మెకల్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూలుగ నాశనమయ్యేంత రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు వేరే ఎలుక మూలుగ ఎక్కించారు. పది రోజులకు వాటి ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి. ఒక్కో బొడిపె ఒక్కో కణం నుంచి పుట్టిందని ఆ తర్వాత తేల్చారు. రక్తానికి మూలకణం ఉందన్న దానికి అదే గట్టి ఆధారం. మనుషుల్లో మూలుగ మార్పిడిని వైద్యంగా నిలబెట్టిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటిది 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో జరిగింది. 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది.

లుకేమియా, థలసీమియా, సికిల్‌సెల్, ఎప్లాస్టిక్ ఎనీమియా లాంటి రక్త జబ్బులకు ఇది నిజమైన, అనుమతి ఉన్న మూలకణ వైద్యం. దీన్ని తేలికైన వైద్యంగా మాత్రం చెప్పకండి. ముందు గట్టి కీమోతో పాత మూలుగను ఖాళీ చేస్తారు. ఆపైన కొత్త కణాల్ని రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి తమ చోటు తామే వెతుక్కుని ఎముకల్లోకి చేరతాయి. తెల్ల రక్తకణాలు మళ్ళీ లేవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ గండం గడిచాక, దాత కణాలు రోగి చర్మం, పేగు, కాలేయం మీద దాడి చేసే ప్రమాదం ఉంటుంది. మ్యాచ్ అంటే బ్లడ్ గ్రూప్ కలవడం కాదు, కణాల మీద ఉండే గుర్తింపు ముద్రలు, అంటే హెచ్ఎల్ఏ, కలవాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒకరిది ఇంకొకరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇంట్లో పూర్తిగా కలిసేవాళ్ళు లేకపోతే దాతల రిజిస్ట్రీల్లో వెతుకుతారు. ఈ కలయిక వంశమూలాల్ని బట్టి ఉంటుంది కనుక తెలుగువాళ్ళకు తెలుగు దాతలే ఎక్కువ పనికొచ్చే అవకాశం ఉంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు అక్కడి రిజిస్ట్రీలో పేరు రాయించుకున్నా ఎక్కడి తెలుగు రోగికైనా అది ఉపయోగపడొచ్చు. థలసీమియా బిడ్డ ఉన్న కుటుంబం సభలో ఉంటే, కోల్ ఇండియా నిధులతో 2017 నుంచి నడుస్తున్న థలసీమియా బాల సేవా యోజన కింద మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు సాయం ఉందని, అర్హతలు వైద్యం చేసే ఆసుపత్రిలో కనుక్కోమని చెప్పండి.

దాతల గురించి ఒక భయం ఊరూరా ఉంది: "వెన్నెముక నుంచి తీస్తారట, నడుం పడిపోతుందట." వెన్నుపామును ఎవరూ ముట్టుకోరు. చాలావరకు దాతకు నాలుగైదు రోజులు జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తారు, దాంతో మూలకణాలు మూలుగ నుంచి రక్తంలోకి వస్తాయి. ఆపైన ప్లేట్‌లెట్లు దానం చేసేటప్పుడు వాడేలాంటి యంత్రంతో చేతి నరం నుంచి కొన్ని గంటలు కూర్చోబెట్టి వడగడతారు. ఆ రోజుల్లో ఒళ్ళునొప్పులు, తలనొప్పి ఉంటాయి, తర్వాత తగ్గిపోతాయి. రెండో పద్ధతిలో మత్తు ఇచ్చి, తుంటి ఎముక వెనక వైపు నుంచి సూదితో మూలుగ తీస్తారు. కొన్ని రోజులు అక్కడ సలుపుతుంది. తీసిన మూలుగ మళ్ళీ కొన్ని వారాల్లో ఊరుతుంది.

గర్భిణులు అడగబోయేది బొడ్డుతాడు రక్తం గురించి. వాళ్ళు అడగకపోయినా మీరే ఎత్తండి, ఎందుకంటే చెకప్‌కు వెళ్ళిన చోట వాళ్ళకు కరపత్రం అప్పటికే అంది ఉంటుంది. బొడ్డుతాడు రక్తంలో రక్త మూలకణాలున్న మాట నిజం. 1988లో పారిస్‌లో ఫాంకోనీ ఎనీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న అబ్బాయికి, అప్పుడే పుట్టిన చెల్లి బొడ్డుతాడు రక్తం ఎక్కించి నయం చేశారు. అందులో కీలకమైన మాట "చెల్లి". కరపత్రం అమ్మేది మాత్రం "మీ బిడ్డ కణాలు మీ బిడ్డకే". బిడ్డకు థలసీమియా ఉంటే ఆ బొడ్డుతాడులోని ప్రతి మూలకణంలోనూ అదే లోపం ఉంటుంది. చిన్నతనంలో వచ్చే లుకేమియాలోనూ వైద్యులు సాధారణంగా సొంత కణాల కంటే దాత కణాల్నే కోరుకుంటారు. సొంత బొడ్డుతాడు రక్తం మొదటి ఇరవై ఏళ్ళలో ఆ బిడ్డకే అవసరపడే అవకాశం 0.04 శాతం నుంచి 0.0005 శాతం మధ్య అని వైద్య సంఘాలు చెప్తున్నాయి. అంటే ఎక్కువలో ఎక్కువ పదివేల మందిలో నలుగురు, తక్కువలో రెండు లక్షల మందిలో ఒకరు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో, బిడ్డకు బీమాగా ప్రైవేటు బ్యాంకులో దాచుకోవడాన్ని సిఫారసు చేయడం లేదని స్పష్టంగా చెప్పింది.

పరిమాణం లెక్క కూడా బోర్డు మీద వేయండి. మార్పిడికి రోగి బరువులో కిలోకు కనీసం రెండున్నర కోట్ల కణాలు కావాలి. అరవై కిలోల మనిషికి 150 కోట్లు. ఒక బొడ్డుతాడు నుంచి వచ్చే 80 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తంలో సాధారణంగా అన్ని ఉండవు, చిన్నపిల్లలకైతే సరిపోవచ్చు. ఇంకో సంగతి, ఆశా కార్యకర్తలు దీన్ని గట్టిగా పట్టుకోవాలి: బిడ్డ పుట్టాక ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బొడ్డుతాడు బిగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ కాసేపట్లో బిడ్డలోకి వెళ్ళే రక్తంతో నెలల తరబడి ఇనుము నిల్వ ఉంటుంది. బ్యాంకుకు ఎక్కువ రక్తం కావాలని తొందరగా బిగిస్తే బిడ్డకు ఇప్పుడు అందాల్సింది తగ్గుతుంది. దాచాల్సిన సందర్భం ఒకటి మాత్రం నిజంగా ఉంది. ఇంట్లో పెద్దబిడ్డకు మూలుగ మార్పిడి అవసరమయ్యే జబ్బు ఉండి, తల్లి మళ్ళీ కడుపుతో ఉంటే, ఆ కాన్పు రక్తం దాచమని వైద్యులే చెప్తారు.

పిండాల ప్రశ్న కూడా వస్తుంది. ఇక్కడ మాట జాగ్రత్త. "పిండం" అనగానే జనం కళ్ళ ముందు అబార్షన్ కనిపిస్తుంది. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మనిషి పిండ మూలకణాల్ని మొదటిసారి వేరుచేసిన జేమ్స్ థామ్సన్ వాడిన పిండాలు సంతాన సాఫల్య చికిత్సలో మిగిలి, దంపతులు పరిశోధనకు ఇచ్చినవి. అయిదారు రోజుల వయసు, ఉప్పు రవ్వ కంటే చిన్న కణాల ముద్ద. మన దేశ నిబంధనల్లో ల్యాబ్‌లో అలాంటివాటిని 14 రోజులు దాటి పెంచకూడదు. అయినా అది తప్పని నమ్మేవాళ్ళుంటారు. వాళ్ళతో వాదించకండి. ఏం చేస్తున్నారో, చట్టం ఎక్కడ గీత గీసిందో చెప్పి, అభిప్రాయాన్ని వాళ్ళకే వదిలేయండి. ఆ చర్చను చాలావరకు మళ్ళించినవాడు క్యోటోకు చెందిన షిన్యా యమనకా. 2006లో ఎలుక చర్మ కణాల్లోకి నాలుగు జన్యువుల్ని పంపి వాటిని పిండ మూలకణాల్లాంటి స్థితికి తెచ్చాడు, మరుసటి ఏడాది మనిషి కణాల్ని కూడా. 2012లో నోబెల్ వచ్చింది. ఈ రెండు రకాలూ దేనిగానైనా మారగలవు, అదే వాటి ప్రమాదం కూడా. మారకుండా మిగిలిన కొన్ని కణాలు ఒంట్లోకి వెళ్తే అక్కడ గడ్డ కట్టొచ్చు.

2014లో జపాన్‌లో కోబెలో యమనకా పద్ధతిలో చేసిన కణాలతో పెంచిన రెటీనా పొరను మొదటిసారి ఒక రోగి కంట్లో పెట్టారు. రెండో రోగి కోసం సిద్ధం చేసిన కణాల్లో జన్యు మార్పులు కనిపించేసరికి ఆ ఆపరేషన్ ఆపేశారు. ఈ ఉదంతం తప్పకుండా చెప్పండి. నిజమైన పరిశోధకుడు ఎక్కడ చేయి వెనక్కి తీసుకుంటాడో తెలిస్తే, ఎక్కడా ఆగనివాడి మీద అనుమానం దానంతట అదే వస్తుంది.

షుగర్ గురించి అడగని సభ ఉండదు. పిండ మూలకణాల నుంచి ఇన్సులిన్ చేసే కణాల్ని తయారుచేసి కాలేయంలోకి ఎక్కించిన ట్రయల్ ఫలితాలు 2025 జూన్‌లో వచ్చాయి. పూర్తి డోసు తీసుకున్న పన్నెండు మందిలో పది మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. అద్భుతమే. ఆ ట్రయల్లో చేరిన పద్నాలుగు మందిలో ఇద్దరు చనిపోయారు, వారిలో ఒకరి మరణానికి కారణం మెదడు పొరలకు సోకిన ఇన్‌ఫెక్షన్. రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. పైగా అది టైప్ 1 వాళ్ళలో, అదీ తెలియకుండానే షుగర్ ప్రమాదకరంగా పడిపోయేవాళ్ళలో చేసినది. మీ సభలో షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువమంది టైప్ 2 వాళ్ళే అయి ఉంటారు. ఇది వాళ్ళకు కాదని వాళ్ళ ముఖం చూసి చెప్పండి.

ఇప్పుడు అందరికంటే ముఖ్యమైన ఆ తల్లీతండ్రీ. ఆటిజానికి, సెరిబ్రల్ పాల్సీకి, మోకాలి నొప్పికి, పక్షవాతానికి "మీ కణాలే మీకు" అని ఇంజెక్షన్ ఇచ్చే చోట్లు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల పేరులో 2007లో "పరిశోధన, చికిత్స" అని ఉండేది. 2013లో సవరించినప్పుడు "చికిత్స" అన్న మాటనే పేరులోంచి తీసేశారు. రక్త జబ్బులకు మూలుగ మార్పిడి తప్ప, మామూలు వైద్యంగా ఇవ్వదగ్గ మూలకణ చికిత్స లేదని 2017 మార్గదర్శకాలు చెప్పాయి. ఆ తర్వాత స్టెంప్యూసెల్ లాంటి ఒకటి రెండు ఉత్పత్తులకు నిర్ణీత జబ్బులకు ఔషధ నియంత్రణాధికారి అనుమతి వచ్చింది. కాబట్టి "ఏ అనుమతీ ఎవరికీ లేదు" అనకండి, ఎదుటివాడు ఆ ఒక్క ఉదాహరణ చూపించి మీ మాట మొత్తం కొట్టేస్తాడు. ఆటిజం విషయంలో మాత్రం తడబాటు అక్కర్లేదు. 2022 డిసెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ నైతిక బోర్డు, ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయడం లేదని, దాన్ని ప్రచారం చేసి ఇవ్వడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని చెప్పింది.

ఈ మాట సభ మధ్యలో ఆ తల్లిని చూస్తూ చెప్పకండి. ఆమె అప్పటికే డబ్బు కట్టి ఉండొచ్చు. "మోసపోయారు" అన్న మాట వాడితే ఆమెకు తప్పు తనదే అనిపిస్తుంది, ఇంకేమీ వినదు. అయిపోయాక పక్కకు పిలిచి, "అమ్మా, బాబుకు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ నడుస్తున్నాయా?" అని మొదలుపెట్టండి. ఇంజెక్షన్ తర్వాత బాబు కాస్త మెరుగయ్యాడని ఆమె అంటే కాదనకండి. పిల్లలు పెరిగేకొద్దీ కొంత మారతారు, ఆ నెలల్లో థెరపీలు కూడా నడుస్తూనే ఉంటాయి. ఏది దేనివల్ల వచ్చిందో తేల్చాలంటే ఇంజెక్షన్ తీసుకోని పిల్లలతో పోల్చాలి. ఆ పోలికను ఆమెకు ఎవరూ చూపించి ఉండరు.

"పోతే డబ్బే కదా, నష్టమేముంది?" అని అడిగేవాళ్ళకు రెండు ఉదంతాలు చాలు. అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు పెద్దావిడలకు పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాల్ని ఒకే రోజు రెండు కళ్ళలోనూ ఎక్కించారు, ముగ్గురికీ చూపు తీవ్రంగా పోయింది. 2017లో వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళలో కొందరు అది క్లినికల్ ట్రయల్ అనుకుని, ఒక్కొక్కరు 5,000 డాలర్లు కట్టి వెళ్ళారు. నరాల జబ్బున్న ఇజ్రాయెల్ బాలుడికి మాస్కోలో పిండ నాడీకణాలు ఎక్కిస్తే, నాలుగేళ్ళకు మెదడులో, వెన్నులో దాత కణాల నుంచే గడ్డలు పెరిగాయి.

మాత్ర ఆపేస్తే మందు ఒంట్లోంచి దిగిపోతుంది. కణం అలా దిగిపోదు, ప్రాణమున్నది, లోపలే ఉండి పెరగొచ్చు. ఈ వాక్యం రెండుసార్లు చెప్పండి.

ఎవరైనా చికిత్స చూపిస్తే ఎలా పరీక్షించాలో ఫోన్ తెరిచి చేసి చూపించండి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ (ట్రయల్స్ జాతీయ నమోదు పట్టిక) వెబ్‌సైట్‌లో నమోదవ్వాలి, 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. నంబర్‌లో ముందు సీటీఆర్ఐ, తర్వాత సంవత్సరం, నెల, క్రమసంఖ్య ఉంటాయి. ఆ నంబర్ వెతికి పేజీ తెరిచాక మూడు చోట్ల వేలు పెట్టండి: ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, డీసీజీఐ (దేశ ఔషధ నియంత్రణాధికారి) అనుమతి గడిలో ఏం రాసి ఉంది, మీరు వెళ్ళబోయే ఆసుపత్రి పేరు ట్రయల్ జరిగే చోట్లలో ఉందా. నంబర్ ఉన్నంత మాత్రాన చికిత్స పనిచేస్తుందని కాదు, నమోదైందని మాత్రమే అర్థం. ఫ్లోరిడా వాళ్ళు దెబ్బతిన్నది ఇక్కడే. పరిశోధన కోసం ఇచ్చే కణాలకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగి పైగా ట్రయల్ అంటే ఆ రెండు మాటలూ ఒకేచోట పొసగవు. సమ్మతి పత్రం తెలుగులో అడగాలి, ఇంటికి తెచ్చుకుని చదవాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో అందులో రాసి ఉండాలి. ఫిర్యాదుకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఉంది.

చిన్న చిన్నవి కొన్ని. పీఆర్పీ ఇంజెక్షన్ మూలకణ చికిత్స కాదు, అది సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లు. యాపిల్ స్టెమ్ సెల్ అని అమ్మే క్రీముల్లో ఉండేది మొక్క కణాల సారం, బతికున్న కణం కాదు. పేపర్లో "పక్షవాతానికి మందు దొరికింది" అని వస్తే మూడో పేరాలో ఎలుకలున్నాయేమో చూడమనండి.

చివరి పది నిమిషాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఒక బకెట్ నీళ్ళు, ఒక చెంబు, ఒక వాలంటీరు కావాలి. కంట్లో సున్నం పడితే ఏం చేయాలో చేసి చూపించాలి. "సున్నానికి నీళ్ళు తగిలితే ఉడుకుతుంది, కడగకూడదు" అన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. ఉడికేది కాల్చిన రాతి సున్నం. తాంబూలం సున్నం అప్పటికే నీళ్ళలో ఉడికి చల్లారినది, అది ఇక ఉడకదు. రాతి సున్నం పొడి పడితే ముందు ముఖం మీద, రెప్పల మీద ఉన్నది పొడి గుడ్డతో దులిపి, వెంటనే నీళ్ళు పట్టాలి. బిడ్డను పడుకోబెట్టి, తలను దెబ్బతిన్న కన్ను కిందికి ఉండేలా తిప్పి, లేకపోతే ఆ నీళ్ళు మంచి కంట్లోకి పోతాయి, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు చెంబుతో సన్నటి ధారగా పోయాలి. అరగంట ఆపకూడదు. ఒకరి చేయి నొప్పిపుడితే ఇంకొకరు అందుకోవాలి. ఆముదం, తల్లిపాలు, నెయ్యి ఏవీ వేయకూడదు. కనిపించే సున్నం ముద్దలుంటే తడి గుడ్డ కొసతో తీసేయాలి. పై రెప్ప లోపల ఇరుక్కున్నవాటిని డాక్టరే రెప్ప తిప్పి తీయాలి. ఆటో ఎక్కాక కూడా నీళ్ళ సీసా వెంట ఉంచుకుని పోస్తూనే వెళ్ళాలి. ఒక్కో ఆశా కార్యకర్త చేత ఒకసారి ఆ చెంబు పట్టించండి, ధార ఎంత సన్నగా ఉండాలో చేతికి అప్పుడే తెలుస్తుంది.